పదేళ్లు నిండాయని ఇంజన్ చచ్చిపోదు

సంపాదకులకు,

పదేళ్లు దాటిన ఇంజన్లున్న బోట్లను చేపల వేటకు వదలకూడదని, అవి నడిసముద్రంలో ఆగిపోయి మనుషుల ప్రాణాల మీదికి తెస్తున్నాయని మీ పత్రికలో ఒక పాఠకుడు రాశారు. ప్రాణాల గురించి ఆయన బాధ న్యాయమే. ఆ పదేళ్ల లెక్కే నాకు ఒప్పదు. నాది బరంపురంలో డీజిల్ వర్క్‌షాపు. గోపాల్‌పూర్, సోనాపూర్ బోట్లకి, చిలికాలో తిరిగే వాటికి పని చేస్తాను. సముద్రంలో ఆగిపోతే తాడు కట్టి లాక్కొచ్చిన బోట్లలో నాకు ఎక్కువగా దొరికేది ట్యాంకులో నీళ్లు, మూసుకుపోయిన డీజిల్ ఫిల్టరు, లేదంటే రెక్కలు ఊడిపోయిన వాటర్ పంపు ఇంపెల్లరు, అంటే పంపులో తిరుగుతూ నీళ్లు తోసే చక్రం. ఇవి నిరుడు కొన్న ఇంజన్‌ని కూడా ఆపేస్తాయి.

పదేళ్ల మాట ఢిల్లీ వార్తల నుంచి వచ్చి ఉంటుంది. అక్కడ పదేళ్లు దాటిన డీజిల్ బండ్ల మీద ఆంక్ష పెట్టింది గాలి పాడవుతోందని. ఇంజన్ అరిగిపోతుందని కాదు. ఆ మధ్య ఒక బ్యాంకు వాళ్లు కూడా ఇంజన్ ప్లేటు మీద సంవత్సరం చూసి మావాడికి అప్పు లేదు పొమ్మన్నారు. ఇంజన్ గదిలోకి దిగి చూసిన మనిషి లేడు.

ఇంజన్ వయసు తిరిగిన గంటల్లో చూడాలి. గంటల మీటరు పనిచేసే బోటు మా వైపు అరుదు, అది నిజమే. కానీ డీజిల్ బిల్లులు ఉంటాయి కదా. గంటకి పది లీటర్లు తాగే ఇంజన్‌కి ఏడాదిలో 12,000 లీటర్లు పోశారంటే అది సుమారు 1,200 గంటలు తిరిగినట్టు. పాత బోటు కొనేవాళ్లు ఓనర్ మాట కన్నా ఈ బిల్లులు అడగడం మంచిది. బేరానికి వెళ్లేరోజు ముందు ఇంజన్ మీద చెయ్యి వేసి చూడండి. వేడిగా ఉందంటే మీరొచ్చేలోపు స్టార్ట్ చేసి సిద్ధంగా ఉంచారన్నమాట. చల్లారాక మళ్లీ రండి. అరిగిన ఇంజన్ గుట్టు చల్లగా ఉన్నప్పుడే బయటపడుతుంది. స్టార్టయ్యాక ఆయిల్ పోసే మూత తీస్తే గుప్పుగుప్పుమని పొగ తన్నుకొస్తోందా, పిస్టన్ రింగులు, సిలిండర్ లోపలి తొడుగులు (లైనర్లు) అరిగాయని అనుమానించాలి. ఇంజన్ వేడెక్కాక కూడా నీలం పొగ ఆగకపోతే ఆయిల్ కాలుతోందని లెక్క. ఆయిల్ మట్టం చూసే కడ్డీ (డిప్‌స్టిక్) మీద ఆయిల్ పాలు కలిపిన టీలా ఉంటే మాత్రం ఇక బేరమే వద్దు, లోపలికి నీళ్లు చేరాయి.

నల్ల పొగ సంగతి వేరు. స్పీడు కోసం ఓనర్లు ఇంజన్ మోయలేనంత పెద్ద ఫ్యాను, అంటే నీళ్లలో తిరిగి బోటుని తోసే ప్రొపెల్లరు, బిగిస్తారు. ఫుల్ రేజింగ్ ఇచ్చినా ఇంజన్ తన స్పీడు అందుకోలేదు, డీజిల్ సగం సగం కాలి నల్లగా కక్కుతుంది, వాల్వులు కాలిపోతాయి. ఫ్యాను మారిస్తే పోయేదానికి ఇంజనే మార్చినవాళ్లు ఉన్నారు. ఎవరి డబ్బు వారిష్టం అనుకోండి.

నేను చూసినంతలో పాత ఇంజన్లని ఎక్కువగా చంపేది వేట కాదు, వేట లేకపోవడం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరమంతా నిషేధం. ఆ రెండు నెలలూ ఉప్పునీళ్లు ఇంజన్‌ని చల్లబరిచే కూలర్లో అలాగే ఉండిపోతాయి. తెరుచుకుని ఉన్న వాల్వు గుండా సైలెన్సర్ వైపు నుంచి ఉప్పుగాలి సిలిండర్లోకి పోయి లైనర్ తుప్పు పడుతుంది, రింగులు అతుక్కుపోతాయి. జూన్ 13న వచ్చి ఆయిల్ మార్చమంటారు. మార్చాల్సింది ఏప్రిల్ 14న. వాడిన ఆయిల్లో మసి, ఆమ్లం ఉంటాయి, రెండు నెలలూ అవి బేరింగులని తింటూనే ఉంటాయి. బోటు కట్టేసే రోజే కొత్త ఆయిల్, కొత్త ఫిల్టరు వేసి కాసేపు ఇంజన్ తిప్పండి. ఉప్పునీళ్లు తిరిగే దారంతా మంచినీళ్లతో కడిగి, నీళ్లు పూర్తిగా వదిలేయండి. ఇంపెల్లరు తీసి పక్కన పెట్టండి. ఇనుప ట్యాంకు సగం ఖాళీగా ఉంటే లోపలి గోడలకి చెమ్మ పట్టి డీజిల్లోకి నీరు దిగుతుంది, అందుకని నింపి ఉంచాలి. డబ్బు చేతిలో లేని నెలల్లో ట్యాంకు ఎక్కడ నింపుతామంటారు, ఆ మాటా నిజమే. కనీసం జూన్‌లో ట్యాంకు అడుగున చేరిన నీళ్లు తీసేశాకే స్టార్ట్ చేయండి. పొగగొట్టం మూతి కట్టేయండి, జూన్‌లో విప్పడం మర్చిపోకండి. వారానికోసారి ఇంజన్‌ని చేత్తో రెండు మూడు చుట్లు తిప్పితే చాలు. మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు డీజిల్ ఆపే స్టాప్ లివరు లాగిపెట్టి, ఆయిల్ మీటరు ముల్లు లేచేదాకా ఉత్తినే తిప్పి, ఆ తర్వాత డీజిల్ ఇవ్వాలి.

తీసేయాల్సిన ఇంజన్లు లేవని నేననడం లేదు. ఉప్పునీళ్లు పిస్టన్ల కింద తిరిగే ఇరుసు (క్రాంకు) దాకా చేరి బేరింగులు పోయినవి, లైనర్ కూర్చునే చోట బ్లాకు తుప్పు తినేసినవి, క్రాంకు ఇక సాన పట్టే వీలు లేనంత సన్నబడినవి, సామాను ఎక్కడా దొరకనివి, వీటికి వయసు ఐదేళ్లయినా సెలవే. ఇంజన్ లోపల ఉప్పునీళ్లకి బదులు మంచినీళ్లు తిరిగే కూలింగ్ ఉండి, వేళకి ఆయిల్ మారుస్తూ వస్తే పాత బరువు ఇంజన్లు పదివేల గంటలు దాటాక కూడా ఓవర్‌హాలింగ్‌కి లొంగుతాయి.

ఒడిశా, ఆంధ్ర రెండు రాష్ట్రాల మత్స్యశాఖల వాళ్లనీ నేను అడిగేది ఒక్కటే. నిషేధం ముగిసే ముందు వారం సోనాపూర్ దగ్గర బాహుదా నది సముద్రంలో కలిసే మొగ దగ్గర ఒక మెకానిక్‌ని, సిలిండర్లో ఒత్తిడి కొలిచే ఒక కంప్రెషన్ గేజిని పెట్టండి. ఒక సిలిండరుకీ ఇంకో సిలిండరుకీ ఎంత తేడా ఉందో చూసి కాగితం మీద రాసి ఓనర్ చేతికివ్వండి. ఆ కాగితం బ్యాంకుకీ పనికొస్తుంది, బీమాకీ పనికొస్తుంది. సోనాపూర్ వాళ్లతో పాటు అటు ఇచ్ఛాపురం, కవిటి బోట్ల వాళ్లు కూడా వస్తారు. ఈ ఉత్తరాన్ని వేసే ఉద్దేశం ఉంటే ఏప్రిల్ మొదటి వారంలో వేయండి, జూన్‌లో వేస్తే ఉపయోగం లేదు.

ఇట్లు,
ఒక బోటు ఇంజన్ మెకానిక్,
బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా