కాటన్ జయంతి రోజున లాకు బంగళాల తాళాలు తీయండి

సంపాదకులు గారికి నమస్కారం.

ఏటా మే 15 వచ్చేసరికి మా గోదావరి డెల్టాలో ఊరూరా కాటన్ దొర విగ్రహాలకు దండలు వేస్తారు. రైతులు వస్తారు, నాయకులు మాట్లాడతారు, మర్నాడు మీ పత్రికలో ఫొటోలు వస్తాయి. ఆ దండలు వేసేవాళ్ళలో నేనూ ఉంటాను. ఆయన గోదావరి మీద 1847లో మొదలుపెట్టి 1852లో పూర్తిచేసిన ధవళేశ్వరం ఆనకట్ట లేకపోతే మా పొలాల్లో ఈ వరి ఎక్కడిది? కానీ చాలా చోట్ల ఆ విగ్రహానికి కనుచూపు మేరలోనే పాత లాకు, అంటే పడవల్ని ఎత్తు నుంచి పల్లానికి దాటించడానికి కాలువ మీద కట్టిన తలుపుల కట్టడం, దాని పక్కన నీటిపారుదల శాఖ పాత బంగళా తాళాలు వేసి ఉంటాయి. జయంతి రోజున కూడా వాటిని ఎవరూ తీయరు.

నేను నీటిపారుదల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యాను. మాది కోనసీమ జిల్లాలో పి.గన్నవరం దగ్గర పల్లెటూరు. ఉద్యోగమంతా కాలువ గట్ల మీదే గడిచింది కాబట్టి చెబుతున్నాను, ఈ కట్టడాలను చూడటానికి మే నెలను మించింది లేదు. అప్పటికి కాలువలకు నీళ్ళు కట్టేసి ఉంటాయి. ఏడాదంతా నీళ్ళ కింద ఉండే పని ఆ కొద్ది వారాలే బయటపడుతుంది. రాయికీ రాయికీ మధ్య గానుగ సున్నం, తలుపులు వచ్చి ఆనుకునే రాతి గడప, నీళ్ళు వదిలే తూములు, అన్నీ కంటికి కనిపిస్తాయి. లాకు తలుపుల రెండు రెక్కలూ ఎగువ నీటికి ఎదురుగా కాస్త కోణంలో కలుస్తాయి. నీళ్ళు ఎంత గట్టిగా తోస్తే అవి అంత గట్టిగా బిగుసుకుంటాయి. పడవ రెండు జతల తలుపుల మధ్య గదిలోకి వచ్చాక వెనక తలుపులు మూసి, కింది తూము తీస్తే నీళ్ళతో పాటు పడవా దిగుతుంది. ముందు తలుపులు తీస్తే కింది కాలువలోకి సాగిపోతుంది. ఒకప్పుడు కాకినాడలో సరుకు ఎత్తిన పడవ ఇలా లాకులు దాటుకుంటూ ఏలూరు మీదుగా మద్రాసు దాకా వెళ్ళేది. ఈ మాట పదో తరగతి పిల్లలకు చెబితే నమ్మరు. లాకు గదిలో నిలబెట్టి చూపిస్తే వెంటనే అర్థమవుతుంది.

మా దగ్గరే పాత అక్విడక్టు ఉంది. వైనతేయ పాయ మీద 49 కమానులతో 1850లలో కట్టింది. నది మీదుగా కాలువను నడిపించి అవతలి లంక ఊళ్ళకు నీళ్ళిచ్చారు. దాని పక్కనే కొత్తది కట్టి 2000లో డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. రోజూ వేలమంది ఆ దారిన వెళ్తారు. బండి ఆపి కమానుల వైపు చూసేవాళ్ళు తక్కువ, ఎందుకంటే దిగి చూడమని ఎవరూ పిలవలేదు.

పాత కట్టడాలను ఏడాదికి ఒక రోజు జనానికి తెరవడం కొత్త ఆలోచనేమీ కాదు. ఫ్రాన్సులో 1984లో ప్రభుత్వమే పాత కట్టడాల తలుపులు జనానికి తీసే రోజు పెట్టింది. ఇప్పుడు యూరప్ అంతటా ఏటా ఆ రోజులు జరుగుతున్నాయి. ప్యారిస్‌లో దేశాధ్యక్షుడి భవనం ముందు కూడా ఆ రోజు సామాన్యులు క్యూ కడతారు. ఇంగ్లండులో 1994 నుంచి నడుస్తోంది. అక్కడ చాలావరకు ఊరివాళ్ళే నడుపుతారు, టికెట్ ఉండదు. 1954 దాకా ఫ్రెంచివాళ్ళ ఏలుబడిలో ఉన్న యానాం మన డెల్టాలోనే ఉంది. మన ప్రాంతానికి ఫ్రాన్సు పరాయిదేమీ కాదు.

మా ఊళ్ళో గత వేసవిలో చిన్నగా చేసి చూశాం. హైస్కూలు మాస్టార్లు, డ్వాక్రా సంఘం ఆడవాళ్ళు, నేను కలిసి ఒక పాత మండువా ఇంటిని ఒక్క ఆదివారం తెరిపించాం. ఇంటివారు మొదట ఒప్పుకోలేదు. వాళ్ళ భయాలు నిజమైనవే. ఇల్లు శిథిలమైందని జనం చులకన చేస్తారేమోనని ఒకటి, లోపల ఏముందో నలుగురికీ తెలిస్తే టేకు తలుపులకు కాళ్ళొస్తాయని ఇంకొకటి, ప్రభుత్వం వచ్చి స్వాధీనం చేసుకుంటుందని మరొకటి. వంటింట్లోకి, దేవుడి గదిలోకి, మేడ మీదికి ఎవరినీ పంపబోమనీ, గుమ్మం దగ్గర పేరు రాసుకుని పదిహేనుమంది చొప్పునే లోపలికి వదులుతామనీ కాగితం మీద రాసిచ్చాం. అప్పుడు ఆ ఇంటి పెద్దావిడ తనే ముందుకొచ్చి, నాలుగు వైపుల పెంకుల మీద పడ్డ వాన మండువాలోకి ఎలా జారుతుందో, ఆ నీళ్ళు ఏ తూములోంచి బయటికి పోతాయో చూపించారు. ఆవిడ చెప్పినంత బాగా మాలో ఎవరమూ చెప్పలేకపోయాం. అందుకే అంటున్నాను, చెప్పే పని ఇంటివాళ్ళకీ, కాలువల మీద పనిచేసి రిటైరైన లస్కర్లకీ, పడవ నడిపిన కుటుంబాలకీ ఇవ్వాలి. వాళ్ళకి మైకు ఇవ్వండి, ఉపన్యాసాలు తర్వాత పెట్టుకోవచ్చు.

జనాన్ని రప్పించడం గురించి కూడా చెప్పాలి. ఫ్లెక్సీ వల్ల మాకు పెద్దగా లాభం లేకపోయింది. దాని మీద పెద్దల ఫొటోలు నిండిపోతే చూడాల్సిన ఇంటి బొమ్మకు చోటు మిగల్లేదు. జనాన్ని తెచ్చింది ఆటో మైకు, వాట్సాప్‌లో తిరిగిన ఇంటి పాత ఫొటో. ఆ ఫొటో చూసి హైదరాబాదు నుంచి సెలవులకు వచ్చినవాళ్ళు, గల్ఫ్ నుంచి పెళ్ళికి వచ్చినవాళ్ళు పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చారు. బయట ఉన్నవాళ్ళు ఊరికి చేరేది మే నెలలోనే, బడిపిల్లలు ఖాళీగా ఉండేదీ అప్పుడే. ఎండకు భయపడే పని లేకుండా ఉదయం ఆరు నుంచి పదింటి దాకా పెట్టుకుంటే చాలు. మజ్జిగ, మంచినీళ్ళు డ్వాక్రావాళ్ళు చూసుకుంటారు.

లాకుల దగ్గర జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. నీళ్ళు లేకపోయినా లాకు గది లోతే, అడుగున బురద ఉంటుంది. పైన తాడు కట్టాలి, నిచ్చెన దగ్గర శాఖ మనిషి ఒకరు ఉండాలి, చిన్నపిల్లల్ని కిందికి దించకూడదు. కప్పు దెబ్బతిన్న బంగళాను బయట నుంచే చూపించాలి. మూసి ఉంచడానికి ప్రమాదాన్ని సాకుగా చెప్పడం నేను సర్వీసులో చాలాసార్లు విన్నాను. కానీ మూసి ఉంచినంత మాత్రాన ఏ బంగళా కప్పూ నిలబడలేదు. ఎవరూ రాని చోటే ముందు కిటికీ రెక్కలు పోతాయి, తర్వాత దూలాలు పోతాయి, ఆ తర్వాత పనికిరానిదని కూల్చడానికి ఫైలు కదులుతుంది. ఊరు ఏడాదికి ఒక్కసారైనా లోపలికి వెళ్ళి చూస్తే, పోయినేడు ఉన్న తలుపు ఈ ఏడాది ఏమైందని అడిగేవాళ్ళుంటారు.

కాబట్టి జలవనరుల శాఖ అధికారులకు నా విన్నపం. మే 15కి దగ్గర్లో వచ్చే ఆదివారం మూడు డెల్టాల్లోనూ, అంటే తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల్లో ఒక్కో పాత లాకునైనా, ఒక్కో బంగళానైనా జనానికి తెరవండి. అనుమతి కాగితం ఫిబ్రవరిలోనే ఇస్తే పంచాయతీలు, స్కూళ్ళు ఏర్పాట్లు చేసుకుంటాయి. ఏప్రిల్ ఆఖరులో అడిగితే ఆ సమయంలో మరమ్మతు పనుల టెన్షన్‌లో ఎవరూ పట్టించుకోరు, ఆ సంగతి నాకు తెలుసు. మండువా ఇళ్ళవారు, పాత గ్రంథాలయాల కమిటీలవారు, చర్చిల పెద్దలు కూడా ఇష్టమైతే అదే రోజు కలవవచ్చు.

మీ పత్రికకు కూడా ఒక కోరిక. మే మొదటి వారంలో జిల్లా పేజీలో ఒక చిన్న బాక్సు కట్టి, ఏ ఊళ్ళో ఏ కట్టడం ఏ వేళకు తెరుస్తారో, బస్సు ఎక్కడ దిగాలో వేయండి. పేర్లు, వేళలు సేకరించి పంపే పని మా మండలం వరకు నేను చేస్తాను.

ఇట్లు,
రిటైర్డ్ వర్క్ ఇన్‌స్పెక్టర్,
పి.గన్నవరం మండలం, కోనసీమ జిల్లా