జెల్లీ గట్టిపడలేదంటే తప్పు వండేవాళ్లది కాదు

సంపాదకుల గారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో వేసిన పైనాపిల్ జెల్లీ చూశాను. తాజా పైనాపిల్ ముక్కల్ని జెలటిన్‌లో కలిపి రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టమన్నారు. రాత్రంతా కాదు, వారం పెట్టినా అది గట్టిపడదండీ, మూత తీస్తే పళ్లరసమే. జెలటిన్ ప్రోటీను. పైనాపిల్‌లో ఉండే బ్రోమెలైన్ అనే ఎంజైము చేసే పనే ప్రోటీన్‌ని తెగ్గొట్టడం. కివీ, అంజీర్, బొప్పాయి కూడా ఇదే బాపతు, మటన్ తొందరగా ఉడకాలని పచ్చి బొప్పాయి ముక్క వేసే ఇళ్లలో ఈ సంగతి కొత్తేం కాదు. ముక్కల్ని కాసేపు ఉడకబెట్టి వేయమని ఒక్క మాట రాస్తే సరిపోయేది. డబ్బాలో వచ్చే పైనాపిల్‌కి ఆ పనీ లేదు, ముందే వేడి చేసి ఉంటుంది.

అసలు ఇబ్బంది ఇంకొకటి. 'జెలటిన్ లేదా అగర్ అగర్ 2 చెంచాలు' అని రాసేస్తారు, రెండూ ఒకటే అన్నట్టు! జెలటిన్ పశువుల తోలు, ఎముకల నుంచి తీస్తారు, శాకాహారులు తినే వంట అయితే ఆ ముక్క ముందే చెప్పాలి కదా. అగర్ అగర్ అంటే మన కిరాణా కొట్లో దొరికే చైనా గ్రాస్, సముద్రపు నాచుతో చేసేది. జెలటిన్‌ని చన్నీళ్లలో నానబెట్టి వేడి నీళ్లలో కరిగిస్తే చాలు, మరిగిస్తే పట్టు తగ్గుతుంది. చైనా గ్రాస్ సంగతి దీనికి పూర్తిగా వ్యతిరేకం, ఒక్క పోగు కూడా కనబడనంతవరకు మరగాల్సిందే. దాన్ని చల్లటి పాలలో పోశారా, అక్కడికక్కడే ఉండలు కడుతుంది, అందుకే పాలు కూడా వేడిగానే ఉండాలి. లీటరు పాలకు 10 గ్రాములు వేస్తే కత్తితో ముక్కలు కోయొచ్చు. అనుమానంగా ఉంటే చల్లటి స్టీలు పళ్లెంలో ఓ చెంచాడు పోసి రెండు నిమిషాలాగి వంచి చూడండి, జారిపోతే ఇంకాస్త మరగాలి. నిమ్మరసం మాత్రం స్టవ్ కట్టేశాకే, పులుపుతో కలిపి మరిగిస్తే బిగువు పోతుంది.

జెలటిన్ అర లీటరుకు 7 గ్రాములు వేస్తే గిన్నెలోనే చెంచాతో తినేలా వస్తుంది, పళ్లెంలోకి బోర్లించాలంటే ఇంకాస్త పెంచాలి. ఎంత పెంచినా మన ఎండలకు బల్ల మీద పెట్టిన కాసేపటికే కారిపోతుంది, అది 35 డిగ్రీల లోపే కరిగిపోయే సరుకు మరి. చైనా గ్రాస్ 85 దాకా కరగదు. రంజాన్ మండుటెండల్లో వచ్చినా హైదరాబాద్ ఇళ్లలో చైనా గ్రాస్ ముక్కలు చెక్కుచెదరకుండా ఉండేది అందుకే.

మే నెలలో ఎలాగూ మామిడిపండు జెల్లీ వేస్తారు. అందులోనైనా ఏది వాడాలో ఒక్కటే చెప్పి, చెంచాల్లో కాకుండా గ్రాముల్లో రాయండి.

- ఒక పాఠకురాలు, విజయవాడ