'ఏమీ చెయ్యదండీ' అంటే సరిపోతుందా?

సంపాదకుడు గారికి,

మాది రాజమహేంద్రవరంలో ఓ ఇరుకు సందు. తెల్లారకముందే లేచి కళ్లాపి చల్లి ముగ్గేయడం నాకు అలవాటు. ఏడాదిగా మాత్రం ఎదురింటి గేటు గడియ పడి ఉందో లేదో కిటికీలోంచి చూసుకున్నాకే తలుపు తీస్తున్నాను. వాళ్లకో జర్మన్ షెపర్డ్ ఉంది. ఆరింటికి వీధిలోకి వదిలేస్తారు. మెడకు పట్టీ ఉంటుంది, గొలుసు మాత్రం వరండా గ్రిల్‌కి వేలాడుతుంటుంది. అడిగితే "మావాడు ఏమీ చెయ్యడండీ" అంటారు.

మూడు వారాల కిందట పాల ప్యాకెట్లు వేసే కుర్రాణ్ని తరిమింది. సైకిల్‌తో సహా మురిక్కాలవ పక్కన పడ్డాడు. ప్యాంటు చిరిగి, పిక్క మీద పళ్లు దిగి, రక్తం చెప్పులోకి కారుతోంది. మా కుళాయి కింద కాలు పెట్టించి పావుగంట సబ్బుతో కడిగాను. ఒకరు పసుపన్నారు, ఇంకొకరు కారమన్నారు. ఏదీ పెట్టనివ్వలేదు. ప్రభుత్వాసుపత్రిలో టీకా ఉచితమే. కానీ కరిచిన రోజు, తర్వాత 3, 7, 28 రోజులకు వెళ్లాలి. పని మానితే ఆ పూట కూలి పోయినట్టే.

"టీకాలన్నీ వేయించాం, అతను పరిగెత్తాడు కాబట్టి తరిమింది" అన్నారు ఎదురింటివాళ్లు. టీకాలు వేయించారు, సంతోషం. అంత కుక్క మీదికి వస్తుంటే ఎవరు పరిగెత్తరు? ఆ పడడంలో చెయ్యి విరిగితే ఏ టీకా కాపాడుతుంది?

ఆ మూగజీవి మీద నాకు కోపం లేదు. గేటు వేసి ఉంటే కమ్మీల్లోంచి మూతి పెట్టి నా చెయ్యి వాసన చూస్తుంది. నా బాధంతా పెంచేవాళ్లతోనే. పెంపుడు జంతువు వల్ల మనుషులకు ప్రాణాపాయం, తీవ్రగాయం జరగకుండా జాగ్రత్తపడకపోతే భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. కానీ ఇరవయ్యేళ్లుగా సంక్రాంతికి అరిసెలు ఇచ్చిపుచ్చుకున్న ఇంటి మీద కేసు పెట్టడానికి నాకు మనసొప్పడం లేదు. అందుకే మున్సిపల్ అధికారులను వేడుకుంటున్నాను. వీధికుక్కల కోసం వచ్చినప్పుడు పెంపుడు కుక్కలున్న ఇళ్ల తలుపు కూడా తట్టండి. గొలుసు లేకుండా వదలొద్దని మీరు చెబితే వింటారు, మేం చెబితే తగవవుతోంది.

పాల కుర్రాడు మా సందులోకి రావడం మానేశాడు. మొదట్లో ఉన్న కిళ్లీకొట్టు దగ్గరే ప్యాకెట్లు పెట్టి వెళ్తున్నాడు. వచ్చే గురువారం అతనికి ఆఖరి సూది. గొలుసు ఇవాళ పొద్దున కూడా గ్రిల్‌కే ఉంది.

– ఒక రిటైర్డ్ టీచర్, రాజమహేంద్రవరం
(ఇరుగుపొరుగు వ్యవహారం కనుక పేరు వేయవద్దని మనవి)