గాలి గంటల్లో పోయింది, నీళ్లు ఇంకా పోలేదు

ఒరేయ్ శీనూ,

ముందు పిన్నికి చెప్పు, మేమంతా క్షేమమే, ఇల్లు కూడా బాగానే ఉంది, పెరటి కంచె ఓ పక్కకి ఒరిగింది అంతే. నువ్వు పెట్టిన వాయిస్ మెసేజ్‌లన్నీ విన్నాను, ఫోన్‌లో ఐదు నిమిషాల్లో చెప్పే సంగతి కాదని ఇలా కూర్చుని టైప్ చేస్తున్నా. ఇవాళ 2025 ఏప్రిల్ 8. మన టీవీల్లో "అమెరికాలో టోర్నడో బీభత్సం" అని ఒక ముక్క చూపించి వదిలేశారన్నావు కదా, ఇక్కడ టెనెసీ రాష్ట్రంలో, మా మెంఫిస్ చుట్టుపక్కల అసలు వచ్చింది ఒకటి కాదురా, రెండు. గాలి ఒకటి, నీళ్లు ఒకటి. రెండూ ఒకే రాత్రి మొదలయ్యాయి, అందరం గాలి వైపే చూస్తూ కూర్చున్నాం, కానీ నాలుగు రోజులు పీడించింది మాత్రం నీళ్లే.

నీకు తుఫాన్లు కొత్త కాదు. వాయుగుండం ఎక్కడ పుట్టింది, బలపడిందా, కాకినాడ దగ్గర తీరం దాటుతుందా ఒంగోలు దగ్గరా, మచిలీపట్నం పోర్టులో ఎన్నో నంబర్ హెచ్చరిక ఎగరేశారు, ఇదంతా మూడు నాలుగు రోజులు నడుస్తుంది, ఈలోపు కొవ్వొత్తులు, పాల ప్యాకెట్లు తెచ్చిపెట్టుకుంటాం. టోర్నడో అలా కాదు. ఫలానా రోజు ఈ మూడు నాలుగు రాష్ట్రాల్లో రావచ్చు అని ముందే చెప్తారు, చాలా బాగా చెప్తారు కూడా, కానీ ఏ ఊరి మీదకి, ఏ వీధిలోకి అనేది తెలిసేసరికి చేతిలో ఉండేది పది నిమిషాలు, అటూ ఇటూగా. ఒక్కోసారి అదీ ఉండదు. ఆ పది నిమిషాలూ అర్ధరాత్రి ఒంటిగంటకి వస్తే నిద్రలో ఉన్నవాడి సంగతేంటి, అదే నన్ను ఇప్పటికీ వదలట్లేదు.

ఓక్లహోమాలో నార్మన్ అనే ఊళ్లో స్టార్మ్ ప్రెడిక్షన్ సెంటర్ అని ఉంది, దేశం మొత్తానికి పిడుగుల వానలు, టోర్నడోల అంచనా అక్కణ్ణించే వస్తుంది. వాళ్ల స్కేల్‌లో ఐదు మెట్లు, ఆఖరిది హై రిస్క్. అది ఏడాదికి ఒకటో రెండో సార్లు ఇస్తారు, కొన్నేళ్లు అసలు ఇవ్వరు. ఈసారి మార్చి 15న ఒకటి ఇచ్చారు, మూడు వారాలు తిరక్కుండానే ఏప్రిల్ 2 బుధవారం మళ్లీ ఇచ్చారు, అందులో మా మెంఫిస్ కూడా ఉంది. దానికి తోడు వానలు, వరదల అంచనా వేసే ఇంకో ఆఫీసు వాళ్లు కూడా మా చుట్టుపక్కలకి వాళ్ల స్కేల్‌లో ఆఖరి మెట్టు ఇచ్చారు. రెండు ఆఫీసులూ ఒకే చోటు మీద ఆఖరి మెట్టు రంగు వెయ్యడం చూస్తే ఎవడికైనా కడుపులో తిప్పుతుంది.

కారణం చెప్తా, నీకు నచ్చుతుంది. కింద గల్ఫ్ ఆఫ్ మెక్సికో సముద్రం నుంచి వెచ్చటి తేమగాలి పైకి ఎగదన్నుతోంది, పడమర నుంచి చల్లగాలి వస్తోంది, మామూలుగా అయితే ఆ రెండూ కలిసే గీత ఒక్క రోజులో మమ్మల్ని దాటుకుని తూర్పుకి పోవాలి. కానీ ఆగ్నేయంలో పెద్ద అధికపీడనం గోడలా కూర్చుంది, గీత కదల్లేక మా నెత్తి మీదే ఆగిపోయింది. ఇక ఒక మేఘం పోతే వెనకే ఇంకో మేఘం, స్టేషన్లో ఒకే ప్లాట్‌ఫారం ముందు గూడ్సు డబ్బాలు ఒకదాని వెనక ఒకటి పోయినట్టు, అదే దారిలో. వాతావరణం వాళ్లు దాన్ని ట్రెయినింగ్ అనే అంటారు. మొదటి రోజు ఆ గీత దగ్గర గాలుల తిరుగుడు ఎక్కువ కాబట్టి టోర్నడోలు, తర్వాత రోజుల్లో ఎక్కువగా ఒట్టి వాన.

బుధవారం సాయంత్రం అర్కాన్సా వైపు మొదలైంది. లేక్ సిటీ అనే చిన్న ఊరు, నది అవతల, మాకు వాయవ్యంగా గంటన్నర దూరం. అక్కడ పడింది ఈఎఫ్3, అంటే టోర్నడో బలాన్ని 0 నుంచి 5 దాకా కొలిచే స్కేల్‌లో 3, గాలి వేగం గంటకి 150 మైళ్లు, అంటే 240 కిలోమీటర్లు. హుద్‌హుద్‌లో వైజాగ్ చూశావు కదా, అలాంటి భయంకరమైన గాలే, కాకపోతే వెడల్పు తక్కువ, ఒక వీధి నేలమట్టం అయితే పక్క వీధిలో పూలకుండీ కూడా కదలదు. ఆ సాయంత్రమే బ్లైత్‌విల్ వైపు ఇంకొకటి, దాని శిథిలాలు 25,000 అడుగుల ఎత్తుకి లేచాయని వెదర్ సర్వీస్ వాళ్లు, అంటే ఇక్కడి వాతావరణ శాఖ, చెప్పారు. ఏడున్నర కిలోమీటర్లురా! ఎవరి ఇంటి రేకో, ఎవరి మంచం పరుపో అంత ఎత్తున తిరుగుతోంది.

ఇది కంటితో చూసి తెలుసుకునేది కాదు, చీకటి, పైగా వానలో కప్పుకుపోయి ఉంటుంది, ఇక్కడ చెట్లు కూడా ఎక్కువ. మిల్లింగ్టన్‌లో ఉన్న రాడార్ బొమ్మ ఫోన్‌లో పెట్టుకుని కూర్చున్నా. గాలి వేగం చూపించే బొమ్మలో రాడార్ వైపు వచ్చే గాలి ఆకుపచ్చ, దూరంగా పోయేది ఎరుపు, ఆ రెండూ పక్కపక్కనే ఒరుసుకుంటూ ముదిరిపోతే అక్కడ తిరుగుతోందని లెక్క. ఇంకో బొమ్మ ఉంటుంది, గాల్లో ఉన్నవన్నీ ఒకే తీరువా కాదా అని చెప్తుంది, వాన చినుకులైతే అన్నీ ఒకేలా ఉంటాయి కాబట్టి అంతా ఎర్రగా ఉంటుంది, చెక్కలు, రేకులు, కొమ్మలు లేస్తే ఆ ఎరుపు మధ్యలో నీలం మచ్చ పడుతుంది. ఆ మచ్చ కనిపించిందంటే టోర్నడో వస్తుందేమో అనే మాట అయిపోయినట్టే, అప్పటికే ఎవరి ఇల్లో పోయింది. నేను దాన్ని చూస్తూ, కింద మ్యాప్‌లో ఊరి పేరు చదువుతూ, ఆ ఊళ్లో పిల్లలు పడుకుని ఉంటారు కదా అనుకుంటూ ఉండిపోయా.

రాత్రి పొద్దుపోయాక మా ఫోన్లన్నీ ఒక్కసారి అరిచాయి. ఇక్కడ ఇళ్లకి బేస్‌మెంట్లు ఉండవు, కింది అంతస్తులో కిటికీల్లేని గది, మధ్యలో ఉన్నది, అందులోకి పోవాలి. మా ఇంట్లో అలాంటిది ఒక్కటే, మెట్ల కింద పూజ గది. అమ్మ ఇక్కడే ఉంది కదా, బూట్లు వేసుకుని పూజ గదిలోకా అని గుమ్మం దగ్గరే ఆగిపోయింది. పైకప్పు పోతే బయటికి నడవాల్సింది గాజు పెంకుల మీద, మేకుల మీద అమ్మా, అందుకే బూట్లు అని లత మెల్లగా చెప్తే, అమ్మ పటాలన్నీ పై అరలో సర్ది దుప్పటి కప్పి, తనే లేసులు కట్టించుకుని కూర్చుంది. చిన్నోడి సైకిల్ హెల్మెట్ వాడికి, పాపది పాపకి, మిగతావాళ్లం దిండ్లు నెత్తిన పెట్టుకున్నాం. బయట సైరన్ మోగుతోంది, లోపల తలుపు వేస్తే వినపడనే లేదు. నిజానికి ఆ సైరన్లు ఆరుబయట ఉన్నవాళ్ల కోసం పెట్టినవి, ఏసీ ఇంట్లో పడుకున్నవాణ్ణి లేపడానికి కాదు, చాలామందికి ఈ విషయం తెలీదు. ఆ రాత్రి నాష్‌విల్‌లో అయితే మోగీ మోగీ కొన్ని సైరన్ల బ్యాటరీలే అయిపోయాయట. అందుకే వెదర్ రేడియో కొనుక్కోండని నేను మన తెలుగువాళ్లందరికీ చెప్తూ ఉంటా, పక్కలో పెట్టుకుంటే మీ కౌంటీకి, అంటే మన జిల్లా లాంటిదానికి, వార్నింగ్ రాగానే దానంతటదే అరుస్తుంది, కరెంటు పోయినా బ్యాటరీతో పనిచేస్తుంది, కొంతమంది ఫోన్ ఉందిగా అంటారు, మరి ఆ ఫోన్ రాత్రి సైలెంట్‌లో ఉంటుంది.

ఇంకొకటి గమనించారా నువ్వూ, చెల్లెమ్మా? టోర్నడోకి కిందికి పొమ్మంటారు, వరదకి పైకి పొమ్మంటారు. ఆ రాత్రి కొన్ని కౌంటీలకి రెండు వార్నింగులూ ఒకేసారి ఉన్నాయి. వాగు పక్కన ఒంటి అంతస్తు ఇంట్లోనో, లాక్కొచ్చి పెట్టే తేలికపాటి ట్రైలర్ ఇంట్లోనో ఉండేవాడు ఎటు పోవాలి చెప్పు? ముందు గాలికి దాక్కుని, అది దాటగానే నీళ్లు చూసుకోమంటారు. చెప్పడం తేలికే.

మమ్మల్ని తప్పించుకుని ఆ గాలి మాకు తూర్పుగా పోయింది. హైవే 57 మీద గంట లోపు దూరంలో మాస్కో అనే ఊరుంది, ఆ వైపు ఇళ్లు పోయాయి, మనుషులూ పోయారు. ఇంకా తూర్పుకి పోతే మెక్‌నైరీ కౌంటీ, సెల్మర్ ఊరు. అర్ధరాత్రి దాటాక అక్కడ ఈఎఫ్3, 160 మైళ్ల గాలి. శీనూ, రెండేళ్ల కింద 2023 మార్చి 31 రాత్రి కూడా అదే కౌంటీలో 9 మంది చనిపోయారురా. మళ్లీ వాళ్ల మీదకే. అప్పుడు పోయిన ఇల్లు ఇప్పుడిప్పుడే కట్టుకున్నవాళ్లు ఉంటారు కదా, నాకైతే ఆ మాట తలుచుకుంటేనే గొంతు పట్టేసింది. రాత్రి వచ్చే టోర్నడోలో పగటి దానికంటే చావులు రెట్టింపు పైనే ఉంటాయని ఇక్కడ ఎప్పట్నుంచో చెప్తారు, ఈ దక్షిణాది రాష్ట్రాల్లో రాత్రివే ఎక్కువ, ట్రైలర్ ఇళ్లూ ఎక్కువే. ఆ ఒక్క బుధవారం వెదర్ సర్వీస్ ఇచ్చిన వార్నింగులు 700 దాటాయి. ఒక్కో దాని వెనక రాడార్ ముందు నిద్రమాని కూర్చున్న మనిషి ఉంటాడు, వాళ్లకి ఎంత మొక్కినా తక్కువే.

గురువారం పొద్దున్న అందరూ హమ్మయ్య అనుకున్నారు. గ్రూపుల్లో సేఫ్ సేఫ్ అని మెసేజ్‌లు. వాన మాత్రం ఆగలేదు. గురువారం, శుక్రవారం, శనివారం, ఆదివారం దాకా. మెంఫిస్‌లో మొత్తం 14 అంగుళాలు పడింది, అంటే 35 సెంటీమీటర్లు, ఇక్కడ ఏడాది మొత్తానికి పడేది 55 అంగుళాల లోపే. మా కాలనీ వెనక కాలువ, మామూలుగా పాప కూడా గెంతి దాటేస్తుంది, అది శనివారం కర్రవంతెన మీద నుంచి ఎర్రగా పారుతోంది, చెత్త డబ్బాలు, ఎవరిదో ట్రాంపొలీన్ కొట్టుకొచ్చాయి. పైన మా టెనెసీలోనే రైవ్స్ అనే పల్లె పల్లే నీళ్లలో ఉండిపోయింది. కెంటకీ రాజధాని ఫ్రాంక్‌ఫర్ట్‌లో నది నిన్న, అంటే 7వ తేదీ, 48.27 అడుగులకి వచ్చింది, 1978 నాటి రికార్డు 48.47, అంటే రెండున్నర అంగుళాలు తక్కువ. గోడ 51 అడుగుల దాకా ఆపుతుంది కాబట్టి సరిపోయింది. అక్కడే ఒక తొమ్మిదేళ్ల పిల్లాడు శుక్రవారం పొద్దున్న స్కూల్ బస్ ఎక్కడానికి నడిచిపోతుంటే నీళ్లు లాక్కుపోయాయి. మిస్సోరీలో ఒక ఫైర్ చీఫ్ రోడ్డు మీద ఇరుక్కున్నవాళ్లకి సాయం చెయ్యబోయి చనిపోయాడు. మా చిన్నోడి వయసు కూడా తొమ్మిదే, ఆ వార్త చదివాక వాణ్ణి ఒక్కణ్ణీ బస్ స్టాప్‌కి పంపలేదు.

వరదలో చనిపోయేవాళ్లలో ఇక్కడ సగం దాకా కార్లలో పోయేవాళ్లేరా. ఒక అడుగు లోతు పారే నీళ్లు చాలు చిన్న కారు తేలిపోవడానికి, రెండు అడుగులైతే పెద్ద బండ్లు కూడా నిలవవు. కానీ రోడ్డు తెలిసినదే, రోజూ పోయేదే అని దింపేస్తారు. ఆఫీసు నుంచి ఇంటికొస్తున్న మనవాడొకడు శుక్రవారం ఫోన్ చేశాడు, అన్నా ముందు రోడ్డు మీద నీళ్లున్నాయి, ముందు ట్రక్కు పోయింది, నేనూ పోనా అని. వద్దురా బాబూ, వెనక్కి తిప్పు, హోటల్లో పడుకో, డబ్బులు నేనిస్తా అని అరిచా. విన్నాడు.

నీతో ఇదంతా చెప్పడానికి కారణం ఉంది. పోయిన సెప్టెంబర్లో కృష్ణకి 11 లక్షల క్యూసెక్కులు పైన వస్తున్నాయని ఊరంతా ప్రకాశం బ్యారేజీ వైపు చూస్తుంటే, సింగ్ నగర్లో మీ ఇంట్లోకి నీళ్లు తెచ్చింది బుడమేరు. నువ్వు మేడ మీద నుంచి వీడియో కాల్ చేసి చూపించినప్పుడు పిన్ని వంటింటి సిలిండర్ నీళ్లలో తేలుతోంది, నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. అప్పుడూ పెద్దదాని వైపు చూస్తుంటే చిన్నది ముంచింది, ఇప్పుడూ అంతే. అందుకే అడుగుతున్నా, కట్టలకి గండ్లు పూడ్చారన్నావు సరే, పూర్తిగా గట్టి చేశారా లేదా, ఎవరైనా పోయి చూశారా? జూన్ ఎంతో దూరం లేదు. మీ వీధివాళ్లంతా కలిసి వార్డు సచివాలయంలో అడగండి, రాతపూర్వకంగా అడగండి, వానలు రాకముందే.

పిన్ని మందులు, ఇంటి కాగితాలు, పిల్లల సర్టిఫికెట్లు ఇప్పుడే మేడ మీద గదిలోకి మార్చెయ్యి, తర్వాత చూద్దాంలే అనకు. మోటారు స్విచ్ బోర్డు పైకి పెట్టించమన్నా కదా, ఎలక్ట్రీషియన్ వచ్చాడా? అమ్మ మే నెలాఖరుకి గన్నవరం దిగుతుంది, తనతో మీకు రెండు తలకి పెట్టుకునే లైట్లు, ఒక పెద్ద పవర్ బ్యాంకు పంపిస్తున్నా. వెదర్ రేడియో కూడా పంపుదామనుకున్నా గానీ అది ఇక్కడి స్టేషన్లకే పలుకుతుంది, అక్కడ ఉపయోగం లేదు. ఇంకేమైనా కావాలంటే ఈ వారంలోనే చెప్పు, అమ్మ అప్పుడే సూట్‌కేసు తూకం వెయ్యడం మొదలుపెట్టేసింది.

నీ
రవి