నేలలోకి ఇంకినదాన్ని ఎప్పుడు తీస్తారు?

సంపాదకులకు,

పటాన్‌చెరు పారిశ్రామికవాడ వ్యర్థజలాలు నక్కవాగులో కలవకుండా చూడటం గురించి అప్పుడప్పుడైనా చర్చ జరుగుతోంది గానీ, ఇన్నేళ్లుగా నేలలోకి ఇంకిపోయిన రసాయనాల ఊసు ఎవరూ ఎత్తడం లేదు. మా ఊరు ఆ వాగుకు దగ్గరే. పొద్దున్నే పొలంలో మోటారు వేస్తే ముందుగా వచ్చే నీళ్లు చెప్పుల జిగురు వాసన వేస్తాయి. తొలకరి పడ్డాక ఆ ఘాటు ఇంకా పెరుగుతుంది. ఇళ్లకు మిషన్ భగీరథ నల్లాలు వచ్చినప్పటి నుంచి ఈ గోడు చెప్పుకుంటే, తాగడానికి మంచినీళ్లు ఉన్నాయి కదా అంటున్నారు. గొడ్లు తాగేదీ, ఆకుకూర మళ్లకు పారేదీ ఆ బోరు నీళ్లే.

వ్యర్థాలు వదలడం ఆపినంత మాత్రాన భూగర్భజలం దానంతటదే బాగుపడదు. పెట్రోలు, డీజిలు నీటికన్నా తేలిక కాబట్టి నీటిమట్టం మీద తేలుతూ, మట్టం పెరిగి తగ్గినప్పుడల్లా మట్టికి పట్టేస్తాయి. వాటిని పైనుంచి తోడేసి, మిగిలినదానికి గాలి అందిస్తే నేలలోని సూక్ష్మజీవులు చాలావరకు తినేస్తాయి. లోహపు భాగాల జిడ్డు వదిలించడానికి వాడే ట్రైక్లోరోఇథిలీన్ వంటి ద్రావణులు (సాల్వెంట్లు) అలా కాదు. నీటికన్నా బరువైనవి కనుక అడుగుకు దిగి, మన గ్రానైటు రాతి పగుళ్లలో చేరి, ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా కరుగుతూనే ఉంటాయి. కేసింగు సరిగా దించని ప్రతి బోరూ వాటికి దారి ఇచ్చినట్టే. ఏ లోతులో ఏముందో, నీటి నమూనాలు తీసి చూసేందుకు వేసే పరిశీలక బావులతో తేల్చకుండానే ఇలాంటి చోట్ల ఇంకుడు గుంతలు తవ్వించడం, పెద్దలు మన్నించాలి, విషాన్ని మన చేత్తో మనమే లోపలికి తోయడం.

ఈ ఖర్చు ఎవరిదన్నది కొత్త ప్రశ్న కాదు. రాజస్థాన్‌లోని బిచ్రి గ్రామంలో రసాయన కర్మాగారాలు బావులను పాడుచేసిన కేసులో, కలుషితం చేసినవారే బాగుచేయించాలని 1996 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు ఇచ్చిన జస్టిస్ బి.పి.జీవన్‌రెడ్డి మన తెలుగువారే. అయినా ఆ కర్మాగారాలవారు శుద్ధికయ్యే సొమ్ము కట్టకుండా సాగదీయడంతో, 37.385 కోట్ల రూపాయలను 12 శాతం చక్రవడ్డీతో చెల్లించాలని 2011 జులైలో కోర్టు మళ్లీ ఆదేశించాల్సి వచ్చింది. 2025 జులైలో కేంద్రం కలుషిత స్థలాల నిర్వహణకు నియమాలు తెచ్చింది. వాటి ప్రకారం అనుమానిత స్థలాల జాబితాను స్థానిక సంస్థ గానీ జిల్లా యంత్రాంగం గానీ ఆరు నెలలకోసారి కాలుష్య నియంత్రణ మండలికి పంపాలి. శుద్ధి ఎప్పటిలోగా ముగియాలన్న గడువును మాత్రం అందులో పెట్టలేదు. ఆ గడువును రాష్ట్ర ప్రభుత్వమైనా విధించాలి. నక్కవాగు వెంట ఉన్న ఊళ్లలో వేటి పేర్లు ఆ జాబితాకు ఎక్కాయో పంచాయతీ కార్యాలయం గోడ మీద తెలుగులో రాయించాలి.

పరీక్షల తీరు కూడా మారాలి. ఒకసారి మా బోరు నీళ్ల కోసం వచ్చినవారు కూల్‌డ్రింకు సీసాలో సగానికి పట్టుకుని, ఎండలో బండికి తగిలించుకుని వెళ్లారు. తర్వాత ఇచ్చిన కాగితంలో పీహెచ్, కాఠిన్యం, లవణాలు తప్ప మరేమీ లేవు. పెట్రోలులో ఉండే బెంజీన్, టొలుయీన్ వంటి రసాయనాలు ఇట్టే ఆవిరైపోతాయి. గాజు సీసాను అంచుదాకా నింపి, గాలిబుడగ లేకుండా మూత బిగించి, మంచులో పెట్టి తీసుకెళ్తేనే ప్రయోగశాలలో దొరుకుతాయి. ఈసారి వచ్చేవారు గాజు సీసాలతో, పొద్దున మేం మోటారు వేసే వేళకు రావాలని కోరుతున్నాం.

— ఒక రైతు, సంగారెడ్డి జిల్లా