పేరు రాజుది, నిర్ణయం మంత్రులది

సంపాదకులకు,

అయ్యా,

బ్రిటన్ వార్తల్లో ‘రాజు ఉత్తర్వు జారీ చేశారు’ అని చదివితే ఆ నిర్ణయం రాజుదేనని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ ‘ఆర్డర్ ఇన్ కౌన్సిల్’ (రాజు సలహా మండలి అయిన ప్రీవీ కౌన్సిల్ సమావేశంలో రాజు పేరిట వెలువడే ఉత్తర్వు) ముసాయిదా రాసేది మంత్రి శాఖ. ప్రీవీ కౌన్సిల్‌లో వందలమంది సభ్యులున్నా కోరం ముగ్గురే. అందరూ నిలబడే ఉంటారు. కౌన్సిల్ బాధ్యతలు చూసే మంత్రి ‘లార్డ్ ప్రెసిడెంట్’ ఉత్తర్వుల పేర్లు చదువుతారు, రాజు ‘అప్రూవ్డ్’ అంటారు. చర్చ ఉండదు. మన జీవోల కింద ‘గవర్నర్ ఆదేశానుసారం, వారి పేరిట’ అని ఉంటుంది కదా, అలాంటిదే ఇదీ.

అసలు చూడాల్సింది ఆ ఉత్తర్వుకు అధికారం ఎక్కడిదని. ఎక్కువ భాగం పార్లమెంటు చట్టం ఇచ్చిన అధికారంతో వస్తాయి. గంజాం జిల్లాలో చాలా భాగాన్ని, జయపురం ఎస్టేటును మద్రాసు నుంచి విడదీసి ఒరిస్సాలో కలిపిన 1936 నాటి ఉత్తర్వు అలాంటిదే. 1935 భారత ప్రభుత్వ చట్టం 289వ సెక్షన్ దానికి ఆధారం. రెండో రకం ప్రెరొగేటివ్, అంటే పూర్వం నుంచి రాజరికానికి మిగిలిన అధికారం. వాడేది మంత్రులే, పార్లమెంటు ఆమోదం అక్కర్లేదు.

హిందూ మహాసముద్రంలో బ్రిటన్ పాలన కింద ఉన్న చాగోస్ దీవుల ప్రజలను దెబ్బతీసింది ఈ రెండో రకమే. అక్కడి డీగో గార్షియా దీవిలో సైనిక స్థావరం కోసం వాళ్లను వెళ్లగొట్టారు. వాళ్లను బయటే ఉంచిన 1971 నాటి ఆర్డినెన్సు చెల్లదని 2000లో లండన్ హైకోర్టు తేల్చింది. ప్రభుత్వం అప్పటికి ఒప్పుకుంది. 2004 జూన్ 10న మాత్రం రెండు ఉత్తర్వులతో మళ్లీ తలుపు మూసేసింది. పార్లమెంటులో ఓటింగే లేదు. ఇంత అన్యాయాన్ని 2008లో, అప్పటి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ 3-2తో సమర్థించింది. అయితే ఇలాంటి ఉత్తర్వులనూ కోర్టులు పరిశీలించవచ్చని ఆ తీర్పే చెప్పింది.

2019 ఆగస్టు 28న స్కాట్లాండ్‌లోని రాజ నివాసం బాల్మోరల్‌లో ముగ్గురు సభ్యుల ఎదుట, ప్రధాని సలహాపై రాణి పార్లమెంటు సమావేశాలను కొన్నాళ్లు ఆపే ప్రొరోగేషన్‌కు ఆమోదం తెలిపారు. సెప్టెంబరు 24న సుప్రీంకోర్టులో 11 మంది న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా ఆ ఉత్తర్వును కొట్టేశారు. తప్పు పట్టింది ప్రధాని ఇచ్చిన సలహానే.

కాబట్టి ఇలాంటి వార్త వేసేటప్పుడు ఉత్తర్వు మొదటి వాక్యాలు చూడండి. చట్టం, సెక్షన్ ఉంటే రాయండి. లేకపోతే సలహా ఇచ్చిన మంత్రి పేరు శీర్షికలోనే పెట్టండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
శ్రీకాకుళం