స్టెంట్ తీయించుకునే తేదీ తెలుగులో రాయాలి

సంపాదకుడు గారికి,

కిడ్నీ నుంచి మూత్రాశయానికి పోయే మూత్రనాళంలో రాయి తీశాక, మూత్రం సాఫీగా దిగేందుకు తాత్కాలికంగా అమర్చే సన్నని గొట్టాన్ని, అంటే డీజే స్టెంట్‌ను, గడువు దాటినా తీయించుకోని రోగుల అవస్థను మీ పత్రిక ద్వారా ఆసుపత్రుల దృష్టికి తేదలచాను.

మిర్చి యార్డులో గుమస్తాగా చేసే మా బావగారికి ఇక్కడి ఒక ప్రైవేటు ఆసుపత్రిలో రాయి తీసి స్టెంట్ వేశారు. మొదట్లో మంట, నడుము నొప్పి, మూత్రంలో అప్పుడప్పుడూ ఎర్రచార ఉండేవి. అవి తగ్గేసరికి లోపల గొట్టం ఉందన్న సంగతే ఇంటిల్లిపాదీ మరిచిపోయాం. ఏడాదిన్నరకు చలిజ్వరంతో పడిపోతే ఎక్స్‌రే తీశారు. రెండు కొసలా కొక్కెంలా వంగి ఉండే ఆ సన్నని గొట్టం చుట్టూ, బోరు నీళ్లు కాచిన గిన్నెకు పట్టే ఉప్పు పొర లాంటిది తెల్లగా పేరుకుపోయి ఉంది. సకాలంలో వెళ్తే కోత లేకుండా, మూత్రమార్గం గుండా కెమెరా గొట్టం పంపి కొద్ది నిమిషాల్లో తీసేసేదానికి రెండు ఆపరేషన్లు పట్టాయి.

స్టెంట్ కిడ్నీలోకి జారడం, ముడిపడడం, తీసేటప్పుడు తునిగిపోవడం అరుదు. పొత్తికడుపు క్యాన్సర్‌కు ఆపరేషన్, రేడియేషన్ అయ్యి ఏళ్ల తరబడి స్టెంట్లు మార్పించుకునేవారిలో, మూత్రనాళానికీ దాన్ని ఆనుకుని పోయే పెద్ద ధమనికీ మధ్య రంధ్రం పడి ప్రాణం మీదికి వచ్చేంత రక్తం పోవడం మరీ అరుదు. అయితే స్టెంట్ ఉన్నన్నాళ్లూ కాస్త రక్తం మామూలేనని చెప్పి పంపుతారు గనుక, మూత్రంలో రక్తపు గడ్డలు పడుతున్నా, వణుకుతో జ్వరం వస్తున్నా మనవాళ్లు అదీ మామూలేననుకుని ఇంట్లోనే ఉండిపోతున్నారు.

బావగారి డిశ్చార్జి కాగితాలు మళ్లీ తీసి చూశాను. మూడో పేజీలో, మందుల పట్టిక కింద, ఆరు వారాలకు స్టెంట్ తీయించుకోవాలని ఇంగ్లీషులో ఒకే ఒక్క వరుస ఉంది. ఆ కవరు బీరువాలోంచి తీయకపోవడం మా తప్పే, కాదనను.

పిల్లల టీకాల కార్డు మాదిరిగా, స్టెంట్ వేసిన తేదీ, తీయించుకోవలసిన తేదీ, ఏ లక్షణాలకు వెంటనే రావాలో తెలుగులో రాసిన కార్డు ప్రతి రోగికీ ఇవ్వాలని మనవి. ఎన్టీఆర్ వైద్య సేవ కింద చేసిన కేసుల వివరాలు ఎలాగూ కంప్యూటర్లోకి ఎక్కుతాయి గనుక, గడువుకు వారం ముందు ఫోను చేయించే ఏర్పాటు అధికారులకు భారం కాదు. రోగి నంబరుతో పాటు ఇంట్లో మరొకరిది కూడా రాసుకోవాలి. సీజనులో యార్డులో ఉన్న మనిషి ఫోను ఎత్తడు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
బ్రాడీపేట, గుంటూరు